తియ్యటి పెరుగు

జసుమతికి పొద్దున్నుంచి కాలు ఒకచోట నిలవడం లేదు. రాగి భస్మాన్ని పుల్లటి పెరుగులో వేసి రాత్రంతా ఉంచాలి. కాలని రాగి రవంత మిగిలినా పులుపు తగిలి తెల్లారేసరికి పెరుగు ఆకుపచ్చగా మారుతుంది. నిన్న రాత్రి పుల్ల పెరుగంతా కఢీలోకి, అదే మజ్జిగ పులుసులోకి, పోయింది. పెరుగు పెరుగే కదా అని ఈ మహాతల్లి అప్పుడే తోడుకున్న తియ్యటి పెరుగు వాడింది. తెల్లారి చూస్తే పచ్చబడలేదు. మామగారు లాభశంకర్ వైద్యుడితో "భస్మం నెగ్గింది" అని చెప్పేసింది. ఆ తర్వాతగానీ పులుపు సంగతి తట్టలేదు.

జామ్‌నగర్‌లోని ఆ వీధిలో కోడలికి పుటం పెట్టి భస్మం కాల్చే పని అప్పగించిన వైద్యుడు ఆయనొక్కడే. ఆడదాని చేతి భస్మమా అని చుట్టాలు నవ్వినా ఆయన చెవిన పెట్టలేదు. ఇప్పుడు తప్పు ఒప్పుకుంటే ఆ పని పోతుంది. ఒప్పుకోకపోతే, ఉబ్బిన పొట్టతో మందుకి రాబోతున్న రోగి వాఘ్‌జీభాయి కడుపులోకి పచ్చి రాగి పోతుంది.

చిటికెడు భస్మం మీద నిమ్మకాయ పిండింది. బియ్యం కడిగి వచ్చి చూసింది. పప్పు పొయ్యి మీద పెట్టి మళ్ళీ చూసింది. గిన్నె అంచున ఆకుపచ్చ. పప్పు మాడితే మాడిందని ముందుగదికి పరుగెత్తింది.

వాఘ్‌జీభాయి తేనెలో రంగరించిన మందు నోటిదాకా తెచ్చుకున్నాడు.

"తినకండి కాకా. అది సరిగ్గా కాలలేదు. నేను తియ్యటి పెరుగులో పరీక్ష చేశాను."

"ఏంటి వైద్యులుగారూ, మీ ఇంట్లో మందు కూడా కఢీ కాచినట్టే కాస్తారా?" అన్నాడు వాఘ్‌జీభాయి.

లాభశంకర్ మందు వెనక్కి తీసుకుని, పది రోజులు ఆగి రమ్మని ఆయన్ని పంపించేశాడు. జసుమతి తలుపు పట్టుకుని నిలబడింది.

"ఇక నన్ను పుటం జోలికి రానివ్వరా, మామయ్యా?"

"ఎందుకు రానివ్వను? ఇంకో పుటం వెయ్యి. పుల్ల పెరుగు లేకపోతే పక్కింట్లో అడుక్కో." ఆయన గోడకి చేరగిలబడ్డాడు. "కానీ ఇకనుంచి ప్రతి భస్మంలో మొదటి చిటికెడు నువ్వే తినాలమ్మా. రోగికిచ్చే ముందు ముప్పై ఏళ్ళుగా నేను తింటున్నాను."

"మరి... ఇది?"

"గంట క్రితం తిన్నాను. నువ్వు నెగ్గిందన్నావుగా."

ఆయన నుదుటి మీద చెమట పట్టింది. చెయ్యి కడుపు మీద ఉంది.