బొమ్మరైలు చెరువు నీళ్లు

దగ్గరికి జరుగు అమ్మలూ, నీ గురించే చెబుతాను. మీ తాతయ్య పెరట్లో బొమ్మరైలు పట్టాలు వేశారు. వంతెన కింద నీళ్లుంటేనే అందమని, వెనకగది గోడను ఆనుకుని చిన్న చెరువు తవ్వి, అడుగున ప్లాస్టిక్ షీటు పరిచారు. సాయంత్రం నిండుగా ఉన్న చెరువు తెల్లారేసరికి సగమయ్యేది.

"ఎండకి ఆవిరైపోతోందే," అంటూ మళ్లీ నింపేవారు.

"రాత్రిపూట ఎండేమిటండీ, మీ మొహం!" అన్నాను. ఆయన నవ్వేసి రైలు చేత కూత పెట్టించారు.

ఆ వెనకగదిలోనే మీ అమ్మా, నెల నిండని నువ్వూ పడుకునేవారు. ముందు ఆ గది తలుపుకి గడియ పడటం మానేసింది. తర్వాత గోడవార గచ్చు కుంగింది. ఒకరోజు పొద్దున ఉయ్యాల వెనక గోడమీద వెంట్రుకంత గీత కనబడింది. మధ్యాహ్నానికి అందులో నా వేలు దూరింది.

"అమ్మాయ్, పిల్లని తీసుకుని బయటికి రా!"

"ఇప్పుడే నిద్రపోయింది అత్తయ్యా, కాసేపాగి..."

"వాదించకు, లే!"

మనం గడప దాటామో లేదో, గోడ ఉయ్యాల మీద కూలింది. ఆ దుమ్ములో పెరట్లోని రైలు మాత్రం తిరుగుతూనే ఉంది. షీటు చిరిగి, చెరువు నీళ్లన్నీ ఆ గోడ పునాదిలోకే ఇంకాయని తర్వాత తెలిసింది.

నీళ్లు తగ్గితే నింపేముందు ఎటు పోతున్నాయో చూడాలి తల్లీ. ఇది మరిచిపోకు, నీ పిల్లలకీ చెప్పు.