తాబేలుకు చేతిముద్ద

ఆ తాబేలంటే ఇంట్లో అందరికీ హడలే, ఒక్క శాంతకు తప్ప. మార్కమ్‌లో తమ్ముడు వికాస్ ఇంటి బేస్‌మెంట్‌లో, పెద్ద ప్లాస్టిక్ తొట్టిలో ఉంటుందది. పళ్ళెమంత డిప్ప, మొసలి తోకలాంటి తోక, ఎవరి మీదో అలిగినట్టుండే మొహం. స్నాపింగ్ టర్టిల్ అంటారట, చటుక్కున కరిచే రకం. పెళ్ళికి ముందెప్పుడో రోడ్డు పక్కన దొరికిన పిల్లను వికాస్ జేబులో వేసుకొచ్చాడు. ఇలాంటివి ఇళ్ళల్లో పెంచకూడదని తరవాత తెలిసింది. తెలిసి ఏం లాభం, అప్పటికే మమకారం పెంచేసుకున్నాడు.

మమకారం ఉన్నవాడు చేత్తో ముట్టుకోడేం? అదీ శాంతకు అర్థం కాని సంగతి. చేప ముక్కను బారెడు పట్టకారుతో పట్టుకుని, ఒళ్ళంతా వెనక్కి లాక్కుని అందిస్తాడు. ఆవిడ వచ్చిన కొత్తలోనే గట్టిగా చెప్పాడు.

"ఇది కుక్కపిల్ల కాదక్కా. దీనికి మచ్చికవడం తెలీదు, అలవాటు పడటమే తెలుసు. చేత్తో పెట్టావంటే చెయ్యే తిండి అనుకుంటుంది. ఎప్పుడైనా పట్టుకుందా, లాక్కోకు. చెయ్యి నీళ్ళల్లోనే ఉంచు, అదే వదిలేస్తుంది."

శాంత తలూపింది. ఊపడానికేం, తల తన సొంతమేగా. పట్టకారుతో పెట్టడానికి అది తిండా, పొయ్యిలో బొగ్గులా అని మాత్రం లోపల అనుకుంది.

పెట్టడమంటే చేత్తో పెట్టడమే ఆవిడకు. పిల్లలు లేరు. భర్త త్యాగరాజు ఆఖరి రోజుల్లో మతి తప్పి, ఎవరమ్మా నువ్వు అని భార్యనే అడిగేవాడు. కానీ ముద్ద కలిపి చెయ్యి చాస్తే నోరు తెరిచేవాడు. పేరు మరిచిపోయినా నా చేతిని మరిచిపోలేదు కదా అని, ఆ ఒక్కటీ పట్టుకుని నెట్టుకొచ్చింది. ఆయన పోయాక తమ్ముడు రమ్మంటే దేశం దాటి వచ్చింది. డేకేర్‌లో చోటు దొరకలేదు, పాప మీ దగ్గరుంటే మాకు నిశ్చింత వదినా అంది మరదలు తేజశ్రీ. ఆ మాటకు శాంత పొంగిపోయింది. రెండేళ్ళ హర్షిణి మొదట్లో అత్తను చూస్తేనే ఏడుపు లంకించుకునేది. పప్పన్నంలో నెయ్యి వేసి, "ఆ... అను" అంటూ ముద్దలు పెట్టగా పెట్టగా చంక దిగడం మానేసింది.

బట్టలు ఉతకడానికి రోజూ పాపను ఎత్తుకుని బేస్‌మెంట్‌లోకి దిగేది శాంత. ఒకరోజు ఉండబట్టలేక రొయ్య ముక్కను రెండు వేళ్ళతో పట్టుకుని నీళ్ళ మీద ఆడించింది. తాబేలు మెల్లగా వచ్చి, పెద్దమనిషి తరహాలో అందుకుని పోయింది. వేలికి గీత కూడా పడలేదు. అంతే, ఆవిడకు ఎక్కడలేని ధీమా వచ్చేసింది. కొన్నాళ్ళకు మెట్ల మీద అడుగుల చప్పుడవగానే అది మెడ చాచి పైకి తేలేది. వికాస్ దిగినా అలాగే తేలుతుందేమో ఆవిడ ఎన్నడూ చూడలేదు. నన్ను గుర్తుపట్టాడు చూశావా బంగారం అని పాపతో చెప్పుకుని మురిసిపోయేది. పాప కూడా చంకలోంచి ముందుకు వంగి, దానికి నోరు తెరిచి చూపించేది. తమ్ముడితో మాత్రం ఆ ఊసెత్తలేదు. ఎత్తితే ఊరుకుంటాడా?

ఆ గురువారం తేజశ్రీ పైన మీటింగ్‌లో ఉంది. కింద శాంత డ్రయర్‌లోంచి బట్టలు తీసి మడతపెడుతోంది. పాప వెనకాల ఆడుకుంటోందనుకుంది. తల తిప్పి చూసింది. స్టూలు తొట్టి దగ్గరకు లాక్కుని, దాని మీదికెక్కి, సగం కొరికిన బిస్కట్టు నీళ్ళ మీద పట్టుకుని "ఆ..." అంటోంది హర్షిణి. అడుగునుంచి డిప్ప పైకి లేస్తోంది.

అరిస్తే పిల్ల ఉలిక్కిపడి ముందుకు తూలుతుంది. ఆ గాభరాలో అంత ఆలోచన ఎలా వచ్చిందో దేవుడికే తెలియాలి. శాంత ఒక్క అంగలో వెళ్ళి, పాప వేళ్ళకూ ఆ నోటికీ మధ్య తన కుడిచెయ్యి నీళ్ళల్లో పెట్టేసింది.

దాని మెడ అంత పొడుగు సాగుతుందని ఆవిడ కలలో కూడా అనుకోలేదు. రెండు వేళ్ళు దవడల మధ్య ఇరుక్కుపోయాయి. ప్రాణం పోయినంత పనైంది. లాక్కోవద్దన్న తమ్ముడి మాట గుర్తొచ్చి లాక్కోలేదు. ఎడమచేత్తో పాప నడుం చుట్టి స్టూలు మీంచి కిందికి దించింది. నీళ్ళు ఎర్రబడుతున్నాయి. అత్త ఈరోజు కూడా పెడుతోందనుకుని పాప చప్పట్లు కొట్టింది. శాంత తాబేలు కళ్ళల్లోకి చూసింది. కోపం లేదు, పగ లేదు. రొయ్య తినేటప్పుడు రోజూ ఎలా చూసేదో అలాగే చూస్తోంది. తను ఇన్నాళ్ళూ మురిసిపోయింది ఈ చూపుకేనా?

"తేజా, పాపను తీసుకెళ్ళు," అని పిలిచింది. ఆ గొంతు విని తేజశ్రీ మీటింగ్ వదిలేసి పరుగున దిగింది. అప్పటికి తాబేలు వదిలేసి అడుక్కు పోయింది.

ఆస్పత్రిలో కుట్లు వేశారు. వేళ్ళు దక్కాయి గానీ ఒకటి ఇక వంగదేమో అన్నారు. తాబేలును వన్యప్రాణుల వాళ్ళకు అప్పగించేస్తాను, కేసు పెడితే పెట్టుకోనీ అన్నాడు వికాస్. అక్కను మాత్రం ఒక్క మాటా అనలేదు. అంతకంటే నాలుగు తిట్టినా బాగుండుననిపించింది శాంతకు. ఇంటికొచ్చాక తేజశ్రీయే అడిగింది.

"దానికి చేత్తో పెడుతున్నారా వదినా?"

"పాప చూస్తుండగానే పెట్టాను తేజా. రోజూ."

తేజశ్రీ పిల్ల వేళ్ళను తన గుప్పిట్లో పెట్టుకుంది.

సాయంత్రం తనే అన్నం కలిపి పాపకు స్పూనుతో పెట్టబోయింది. హర్షిణి స్పూను తోసేసి, శాంత వైపు తిరిగి నోరు తెరిచింది. "ఆ..." అంది. తేజశ్రీ వదిన వైపు చూడకుండా స్పూను అలాగే పట్టుకుని ఉంది. శాంత ఆ చిన్న నోటివంక చూసింది. ఇది పిలుస్తున్నది తననా, ముద్దనా? బాగున్న ఎడమచేతిని చీర చెంగు కిందికి లాక్కుని, "అమ్మ పెడుతుంది, తిను," అంది.