రంగు మారని నీళ్ళు

"హిందీలోనే మాట్లాడాలమ్మా. మీ తెలుగులోకి దిగారంటే మా సాక్షికి ఒక్క ముక్క అర్థం కాదు. అర్థం కానిది కోర్టులో నిలవదు."

ఇన్‌స్పెక్టర్ ఆ మాట అనడం నాలుగోసారి. శంకర్ నగర్ సందులో, ఎండకు కాగిన జీపులో వరహాలమ్మ తలూపింది. ఒళ్ళోని సంచిలో ఇరవై వేలున్నాయి. చెవుల కమ్మలు అమ్మిన డబ్బు. అవినీతిని పట్టే శాఖవాళ్ళు పొద్దున్నే ఆ నోట్లకు తెల్లపొడి పూశారు. నోట్లు ముట్టిన వేళ్ళను మందునీళ్ళలో ముంచితే నీళ్ళు గులాబీరంగు తిరుగుతాయట. లంచం అడిగిన గుమాస్తా డబ్బు అందుకోగానే ఆమె కొంగుతో ముఖం తుడుచుకోవాలి. అదే సైగ.

ఇనుము ఫ్యాక్టరీలో కొలిమి పేలి ఆమె మొగుడు దానయ్య పోయి పద్నాలుగు నెలలైంది. పరిహారం ఎనిమిది లక్షలు మంజూరై, ఆ కాగితం లేబర్ ఆఫీసు గుమాస్తా దుర్గారావు బీరువాలో పడి ఉంది. అది బయటికి తియ్యడానికి అతను ఇరవై వేలు అడిగితే, ఆమె శాఖవాళ్ళకు ఫిర్యాదు రాసిచ్చింది. తెలీబంధా పేటలో నాలుగిళ్ళ అంట్లు తోమితే ఆమెకు నెలకు వచ్చేది ఐదు వేలు. గది ఖాళీ చెయ్యమని ఇంటాయన నెలాఖరు గడువు పెట్టాడు.

దుర్గారావూ ఆమెలాగే పార్వతీపురం వైపు నుంచి ఈ హిందీ ఊరికి వచ్చినవాడే. తెలుగువాళ్ళుండే డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో అమ్మవారి పండక్కి చందాల పెద్ద. దానయ్య పాడె మోసిన నలుగురిలో ఒకడు. మోసిన భుజానికి ఇప్పుడు కూలి అడుగుతున్నాడనుకోవాలి.

"రా పిన్నమ్మా, కూకో. మంచినీళ్ళు తాగుతావేటి?" అన్నాడు దుర్గారావు, ఆమె ఆఫీసులో అడుగుపెట్టగానే.

శాఖవాళ్ళ సాక్షి పక్క బెంచీ మీద ఏదో అర్జీ పట్టుకుని కూర్చున్నాడు. వరహాలమ్మ గొంతు సవరించుకుంది.

"సాబ్, కిత్‌నా దేనా హై?" ఎంతివ్వాలని హిందీలో అడిగింది.

దుర్గారావు చేతిలో పెన్ను ఆగింది. పన్నెండేళ్ళుగా ఆమె నోట అతను "ఒరే బాబూ".

"ఏటి పిన్నమ్మా, ఇయాల నాను నీకు సాబ్‌నైపోనానా?"

నవ్వుతూనే బెంచీ మీది కొత్త మనిషిని చూశాడు. ఆమె నోట్లు తీసి బల్ల మీద పెట్టింది. అతను కుర్చీ వెనక్కి జరిపి, చేతులు రెండూ తల వెనక పెట్టుకున్నాడు.

"అది లోపలెట్టు. అమ్మోరికి ముడుపు కట్టుకో. ఫైలంటావా, ఎప్పుడొస్తాదో అప్పుడే వస్తాది."

కమ్మలు పోయాయి. ఫైలూ పోయింది. ఆమెకు ఏడుపు ఆగలేదు. కొంగుతో ముఖం తుడుచుకుంది.

తలుపు తోసుకుని శాఖవాళ్ళు నలుగురు వచ్చిపడ్డారు. గాజు గ్లాసులో దుర్గారావు వేళ్ళు ముంచారు. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. తర్వాత ఆమె వేళ్ళు ముంచారు. గ్లాసు అడుగుదాకా గులాబీరంగు దిగింది.

"చూశారుగా సాబ్, ఎవరి చేతులకుందో" అన్నాడు దుర్గారావు హిందీలో. ఆఫీసంతా నవ్వింది.

నోట్లు కవరులో పెట్టి లక్క వేశారు. కోర్టు చెప్పినప్పుడు ఇస్తారట. ఇన్‌స్పెక్టర్ రిపోర్టు ముగించి తన పెన్ను జేబులో పెట్టుకున్నాడు, ఆమె వైపు చూడలేదు.

దుర్గారావు ఒక తెల్లకాగితం ఆమె ముందుకు తోశాడు. ఈసారి గొంతు మెత్తగా, తెలుగులో పలికాడు.

"కోపంలో అబద్దం రాసేసినానని దీని మీద సంతకం ఎట్టు పిన్నమ్మా. రేపే నీ ఫైలు పెద్దసాబ్ బల్ల మీదుంటాది. నాకు పైసా వొద్దు. ఎట్టవా, కాలనీలో నీకు నిప్పు కూడా పుట్టదు."

ఎనిమిది లక్షలు ఆ పెన్ను మొన దగ్గర ఉన్నాయి. వరహాలమ్మ పెన్ను తీసుకుంది. కాసేపు పట్టుకుంది. తర్వాత తీసుకెళ్ళి ఇన్‌స్పెక్టర్ ముందు పెట్టింది.

"ఇతను ఇప్పుడేమన్నాడో రాయండి" అంది, వచ్చీరాని హిందీలో.

"మాకు మీ భాష రాదమ్మా."

"నాకొచ్చు. నేను చెప్తాను."

దుర్గారావు అన్నదంతా మొదటినుంచీ, ఒక్కో మాట హిందీలోకి తిప్పుతూ చెప్పడం మొదలుపెట్టింది. వేళ్ళ చివర్ల నుంచి గులాబీ నీళ్ళు నేల మీద చుక్కలు పడుతున్నాయి. ఇన్‌స్పెక్టర్ ఆమె పెట్టిన పెన్ను వైపు చూశాడు. ఇంకా ముట్టుకోలేదు.