మావయ్య ములిగిన ఫోటో

మా మావయ్య అప్పారావు గారు బాప్తిస్మం తీసుకుంటానని ఒప్పుకున్నది హాస్పిటల్ వరండాలో. మా అత్త ఏసమ్మ స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్‌కి స్ట్రెచర్ మీద తీసుకెళ్తుంటే ఈయన పక్కనే పరిగెడుతూ, "ఒలే, నువ్వు లేచి కూకో సాలు. నాను ములుగుతాను" అనీసేడు. అత్త నవ్వుకుంటూ లోపలికెళ్ళింది.

పెళ్ళైన కాడ్నించీ ఆవిడ అడగడం, ఈయన దాటెయ్యడం. ఓ ఏడు వంశధారలో నీళ్ళు ఎక్కువున్నాయన్నాడు, మరో ఏడు నీళ్ళే లేవన్నాడు. ఊడుపులన్నాడు, నూర్పులన్నాడు, జలుబన్నాడు. ప్రతి ఆదివారం ఈయనే అత్త బైబిలు సంచీ మోసుకొచ్చి, చర్చిలో ఆఖరి బెంచీ మీద కూకుని, ప్రసంగం మొదలవగానే కునుకు తీసేవాడు. అసలు సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆయనకి నీళ్ళలో తల పెట్టాలంటే హడలు. చెంబుతో పోసుకునే స్నానం తప్ప ఇంకోటి ఎరగడు.

సరే, అత్త లేచి కూకుంది. కానీ వాకర్ పట్టుకుని మంచం దగ్గర్నించి వరండా దాకా రావడమే గగనం. గట్టు దిగి ఇసకలో నడవడం సంగతి దేవుడెరుగు, ఆటోలో కుదుపులు కూడా వద్దన్నారు డాక్టరు గారు. ఇన్నేళ్ళు ఎదురుచూసిన ముచ్చట ఏటి ఒడ్డున జరుగుతుంటే ఈవిడ ఇంట్లో కూకోవాల. ఏడుస్తాదేమో అనుకున్నాను. ఏడవలేదు. నన్ను పిలిచి, "షీబా, ఫోటో తెచ్చీ అమ్మా. ఒడ్డున నిలబడి పళ్ళికిలించిన ఫోటో కాదు. ములిగినప్పటిది. ఆ మనిషి ములిగినాడని నా కళ్ళతో సూడాల" అంది.

నరసన్నపేటలో మాకు తెలిసిన స్టూడియో పృథ్వీరాజ్‌ది. మాఘమాసం కదా, ఆ ఆదివారం వాడికి పెళ్ళిళ్ళే పెళ్ళిళ్ళు. "అక్కా, మీ ఇంట్లోనే మంచి కెమేరా ఉన్నాది కదా. నువ్వే తీసీ, నేను నేర్పుతాను" అన్నాడు.

ఉన్నాది నిజమే. మా ఆయన స్టాన్లీ, అంటే మావయ్య కొడుకు, మా బావ, తేలినీలాపురం పక్షుల్ని తీస్తానని ముచ్చటపడి కొన్నాడు. ఒక కెమేరా, దానికి తగిలించడానికో చిన్న లెన్సు, దూరంవి దగ్గరగా చూపించే పొడుగు లెన్సు ఇంకోటి, వీటన్నిటికీ ఓ సంచీ. ఒక్కసారి వెళ్ళొచ్చేడు. ఫోటోల్లో చెట్లున్నాయి, గూళ్ళున్నాయి, పక్షులు మాత్రం ఎగిరిపోయిన తర్వాతవి. ఆ రోజు నుంచి అది బీరువాలో నా పట్టుచీరల మధ్య కాపురం పెట్టింది. "ముట్టుకోకు, పాడైపోద్ది" అంటాడు. ముట్టుకోకపోతే ఏటి బాగుపడిపోతాదో!

నేను హైస్కూల్లో లెక్కలు చెప్తాను. అంకె కనబడితే భయపడే రకం కాదు. బీరువా తాళం తీసి, కెమేరా భుజానేసుకుని పృథ్వీ స్టూడియోకి పోయేను.

"లోపలికి వెలుగెళ్ళే కన్నం ఇదక్కా. పెద్దది చెయ్యొచ్చు, చిన్నది చెయ్యొచ్చు" అని చక్రం తిప్పేడు. "ఈ నంబరు తగ్గిస్తే కన్నం పెద్దదవుతాది. పెంచితే చిన్నదవుతాది."

"తిరగేసి చెప్తన్నావేటి?"

"లేదక్కా, అదంతే."

"అదంతే అంటే? నాలుగు కన్నా పదహారు చిన్నదా? ఎవడ్రా ఈ లెక్క పెట్టింది?" ఒళ్ళు మండిపోయింది నాకు. క్లాసులో ఏ పిల్లాడైనా ఈ మాటంటే బెంచీ ఎక్కించీదాన్ని.

బస్సులో కూడా అదే సణుగుడు. ఊరు దగ్గరకొచ్చేసరికి బుర్రలో వెలిగింది. భిన్నం! నాలుగు కాదు, ఒకటి బై నాలుగు. పదహారు కాదు, ఒకటి బై పదహారు. "ఓలమ్మా!" అని పైకే అనీసేను. ముందు సీటావిడ ఉలిక్కిపడి, పర్సు పోయిందేటని అడిగింది. వెంటనే పృథ్వీకి ఫోన్ చేసి చెప్పేను. వాడు అంతా విని, "ఏమోనక్కా, ఆ భిన్నాలు నాకొచ్చుంటే ఈ స్టూడియో ఎందుకు పెడతాను" అన్నాడు.

కన్నం గొడవ తీరేక షట్టరు గొడవ. వెలుగుని రెప్పలా తెరిచి మూసేదే షట్టరు, అది ఎంత బేగి మూసుకుంటే కదిలే మనిషి అంత తేటగా పడతాడట. ములిగే మనిషి కావాలి కదా నాకు, ఎవుణ్ణి ముంచేది? పెరట్లో సిమెంటు తొట్టి నింపి బావని పిలిచేను. "తెల్ల చొక్కా తొడుక్కుని రా. ఆ రోజు మావయ్య కూడా తెల్లబట్టలే కట్టుకుంటాడు."

"ఏటే, నన్నెందుకు?"

"కెమేరా కొన్నదెవరు?"

చొక్కా తొడుక్కొచ్చి తొట్టిలోకి దిగేడు. ములగమన్నాను, ములిగేడు. మొదటి ఫోటోలో తల బదులు ఓ నల్లటి మరక వచ్చింది. షట్టరు వేగం పెంచేను. ఈసారి మొహం నల్లగా, చొక్కా బూడిదరంగులో వచ్చింది. పృథ్వీకి ఫోన్ కొడితే, "తెల్లబట్టలు ఎండలో చూస్తే కెమేరా బెదిరిపోద్దక్కా, వెలుగు తగ్గించేస్తాది. నువ్వే ఓ రవ్వ పెంచుకోవాల" అన్నాడు. పెంచేను. మళ్ళీ ములగమన్నాను. ముక్కులోకి నీళ్ళెళ్ళి, దగ్గి, తుమ్మి, "ఇది నాకెన్నో బాప్తిస్మమే" అని బావ లబోదిబోమంటుండగా, గాల్లో ఆగిపోయిన నీటిచుక్కలు ఒక్కొక్కటీ కనబడేలా పడింది ఫోటో. తొట్టి చుట్టూ గెంతేను. నలభయ్యో పడిలో ఏటి ఆ గెంతులు అనుకోండి, నాకు మాత్రం సిగ్గేం వెయ్యలేదు.

గుమ్మంలోంచి మావయ్య ఇదంతా చూస్తున్నాడు. "ముక్కులోకి ఎల్తాదేట్రా?" అని కొడుకుని మెల్లగా అడిగేడు.

"ముక్కు మూసుకో నాన్నా, ఏటీ అవదు" అన్నాడు బావ. మావయ్యకి నమ్మకం కుదరలేదు. ఆ రాత్రి అన్నం సగం వదిలేసేడు.

ఆదివారం పొద్దున్న చర్చి చర్చంతా ఏటికి కదిలింది. నదిలో నీళ్ళు సన్నగా, తేటగా ఉన్నాయి. గట్టు వార మడుగులో నడుములోతు. సూర్యుడు నా వీపు వెనకాల. పొడుగు లెన్సు ఇంటి దగ్గరే తగిలించుకొచ్చేను, ఇసకలో లెన్సు మార్చొద్దని పృథ్వీ మరీ మరీ చెప్పేడు. కన్నం చూసుకున్నాను, షట్టరు చూసుకున్నాను, వెలుగు ఓ రవ్వ పెంచేను. రెండు పరీక్ష ఫోటోలు తీసి చూసుకుంటే, పాస్టరు జేమ్స్ గారి కనుబొమల వెంట్రుకలు కూడా లెక్కపెట్టొచ్చు. మరింక ఢోకా లేదు. ఇంటికెళ్ళి అత్త చేతిలో పెట్టడమే తరువాయి.

మావయ్య పాస్టరు గారి చెయ్యి పట్టుకుని నీళ్ళలోకి దిగేడు. మోకాళ్ళ దాకా బాగానే నడిచేడు. నడుము దాకా వచ్చేసరికి ఆగిపోయేడు. వెనక్కి తిరిగి గట్టు వైపు చూసేడు. ఆ చూపు చూస్తే పారిపోతాడనే అనుకున్నాం అందరం. పాస్టరు గారు కూడా అనుకున్నట్టున్నారు. ఎప్పుడూ ప్రార్థన చేసి, ఆమేన్ అన్నాక ముంచుతారాయన. ఆ రోజు ఓ చెయ్యి మావయ్య వీపు కింద వేసి, ఇంకో చెయ్యి గుండె మీద పెట్టి, "ప్రార్థన చేద్దాం, పరలోకమందున్న మా తండ్రీ" అని గట్టిగా అందుకుని, ఆ ప్రార్థన మధ్యలోనే ఆయన్ని వెల్లకిలా ముంచీసేరు.

నేనేటి చేసేనో తెలుసా? కళ్ళు మూసుకున్నాను.

ప్రార్థన అనగానే తల దించు, కళ్ళు మూయి. పాలు తాగిన నాటి నుంచి మాకు నేర్పింది అదే. నా తల దానంతటదే వాలిపోయింది, కళ్ళు వాటంతటవే మూసుకుపోయాయి, చేతిలో కెమేరా నేల చూపులు చూస్తూ వేలాడింది. దభేల్మని నీళ్ళ చప్పుడు వినిపించి కళ్ళు తెరిచేసరికి, మావయ్య తల విదిలించుకుంటూ నిలబడున్నాడు. అందరూ హల్లెలూయా అంటున్నారు. చుట్టూ చూసేను. సెల్‌ఫోను పట్టుకున్న బావ కూడా అప్పుడే కళ్ళు తెరుస్తున్నాడు. ఆ ఒడ్డున మేస్తున్న గేదెలు తప్ప ఆ ములగడం చూసిన కళ్ళు లేవు.

"పాస్టరు గారూ! ఇంకోసారి!" అని అరిచేను.

పాస్టరు గారు నా వైపు తిరిగి, "అమ్మా షీబా, ఇవి పెళ్ళి తలంబ్రాలు కావమ్మా, ఫోటో కోసం మళ్ళీ పొయ్యడానికి. బాప్తిస్మం ఒక్కటే" అన్నారు.

"ఇంకోసారేటి? నన్ను సంపీసినా ములగను!" అంటూ మావయ్య గబగబా ఒడ్డెక్కేసేడు.

కెమేరా మెళ్ళో వేలాడేసుకుని ఇంటి దారి పట్టేను. బావ ఏదో ఓదార్చబోతే కసిరేను. వరండాలో మంచం మీద అత్త తెల్లచీర కట్టుకుని, కళ్ళజోడు తుడుచుకుని కూకునుంది. నన్ను చూడగానే చెయ్యి చాపింది. "ఏదీ, సూపించు."

"తియ్యలేదత్తా. పాస్టరు గారు ప్రార్థన అన్నారు. కళ్ళు మూసుకున్నాను."

తిడతాదనుకున్నాను. తిట్టినా బాగుండేది. చాపిన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుని, "పోన్లే అమ్మా. ప్రార్థనలో కళ్ళు మూసుకోడం తప్పేటి" అని కళ్ళజోడు తీసి తలగడ పక్కన పెట్టింది. అంతే, నాకు దుఃఖం పొర్లుకొచ్చింది. అన్ని అంకెలూ నేర్చుకుని, ఆఖరికి ఆవిడ అడిగిన ఒక్కటీ తేలేకపోయేను.

అప్పుడొచ్చేడు మావయ్య, చెవిలో నీళ్ళు పోడానికి ఒంటికాలి మీద గెంతుతూ. మా మొహాలు చూసేడు. "ఏటి, ఏడుపులేటి?" అన్నాడు. బావ సంగతి చెప్పేడు.

మావయ్య గెంతడం ఆపేడు. తర్వాత వచ్చి అత్త మంచం మీద, ఆవిడకి విరగని వైపు, వీపు ఆవిడకి తిప్పి కూకున్నాడు. "ఒలే ఏసమ్మా, కళ్ళజోడెట్టుకో. సూపిస్తాను. పాస్టరు గారు ఈ సెయ్యి ఇక్కడెట్టినారు." ఆవిడ చెయ్యి తీసి తన వీపు కింద పెట్టుకున్నాడు. "ఈ సెయ్యి ఇక్కడ." రెండోది గుండె మీద. "నాను ముక్కు మూసుకున్నాను. ఇలగ." ముక్కు మూసుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, మెల్లగా వెనక్కి వాలేడు. అత్త చేతుల్లో, అత్త భుజం మీదకి.

నేను కెమేరా ఎత్తి నొక్కేను. నల్లగా పడింది. ఏటి ఒడ్డున ఎండకి పెట్టిన లెక్కలు వరండా నీడకి పనికొస్తాయేటి! పైగా పొడుగు లెన్సు, మావయ్య ముక్కు తప్ప ఇంకేం పట్టట్లేదు అందులో. "కదలకండి!" అని అరిచి, చీర చెంగుకి చేతులు తుడుచుకుని, బొత్తాం నొక్కి లెన్సు తిప్పి ఊడదీసేను. చిన్నది పెట్టి తిప్పితే టక్కుమంది. కన్నం పెద్దది చేసేను, షట్టరు వేగం తగ్గించేను, కంగారులో ఒక నంబరు వెనక్కి తిప్పి మళ్ళీ ముందుకి తిప్పేను.

"బేగి కానీయే, నడుం పట్టీసింది" అన్నాడు మావయ్య ముక్కుతో.

ఈసారి కళ్ళు బార్లా తెరిచే నొక్కేను. ఫోటోలో పడ్డారు ఇద్దరూ. ఆయన కళ్ళు మూసుకుని, ఆవిడ కళ్ళు తెరుచుకుని.

"అయిపోయింది మావయ్యా!"

"అయిపోయిందంట, ఇంక లేపే" అన్నాడాయన.

అత్త లేపలేదు. ఆయన తడిజుట్టు మీద నుంచి చూపు కూడా తిప్పలేదు.

"ఉండు మావా. నన్ను ఇన్నేళ్ళు కాయించినావు, కాసేపు ములిగుండలేవా?" అంది.

మావయ్య ముక్కు మూసుకునే ఉన్నాడు.