మూడో ఒట్టు

షాకిర్ ఒట్టు పెట్టిన వేళకి ఎర్ర సముద్రం ఇంకా నల్లగానే ఉంది. ఎర్రగా ఉన్నవల్లా నా కళ్ళు. ఐన్ సుఖ్నా ఒడ్డున నాలుగు వందల మందిమి నల్లటి రబ్బరు తొడుగుల్లో దూరి, ఎవరో సంతకి తెచ్చిన వంకాయల్లా వరసగా నిలబడ్డాం.

రెండు కిలోమీటర్ల ఈత. తరవాత తొంభై కిలోమీటర్ల సైకిలు. ఆపైన ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగు. మొత్తం ఎనిమిదిన్నర గంటల్లో ముగించి తోరణం దాటాలి. గత రెండేళ్ళూ నేను ఈతలో నీరుగారిపోయి, సైకిలు మీద గాలి పోయి, పరుగులో పరువు పోగొట్టుకుని మధ్యలో కారెక్కినవాణ్ణి. నేను కైరోలో, షుబ్రా పేటలో పళ్ళ డాక్టర్ని. పీకడం తప్ప పాకడం కూడా రాదని నా మిత్రుల అభిప్రాయం.

"నేను ఈత కొట్టేసి చేపలు తినడానికి పోతానురా," అన్నాను. "ఈ గాలిలో సైకిలు నా వల్ల కాదు. మీరిద్దరూ కానివ్వండి."

"చేపలూ లేవు, గీపలూ లేవు!" షాకిర్ గుండె మీద గుద్దుకున్నాడు. వాడు భవనాలకి టైల్స్ వేయించే కాంట్రాక్టరు. కింద నిలబడి కేకేస్తే పైవాడు పలకాల్సిందే, ఏ పైవాడైనా సరే. "ఫథీ, నస్సీఫ్, నేను, ముగ్గురం కలిసి, గడియారం ఆగేలోపు ఆ తోరణం దాటుతాం! దాటకపోతే నా పెళ్ళానికి తలాక్!"

పక్కనే ఫ్లాస్కులోంచి టీ పోస్తున్న అతని భార్య ఇన్షిరాహ్ అలాగే ఆగిపోయింది. టీ ఆగలేదు. గ్లాసు నిండి ఇసుకలోకి పోయింది.

మా ఊరి మగాళ్ళకి ఈ ఒట్టు దగ్గులాంటిది, ఆపుకుంటే ఆగదు. టీ తాగనంటే తలాక్, టాక్సీ డబ్బులు నువ్విస్తే తలాక్. షాకిర్ అయితే మరీను, వాడికి తలాక్ అంటే తలాడించినంత తేలిక. టీ మీద పెట్టిన ఒట్టు తాగితే తీరిపోతుంది. కానీ ఇరవై రెండేళ్ళ కాపురంలో రెండు ఒట్లు తీరలేదు. ఒకసారి అతిథి బాతు కూర ముట్టకుండా లేచిపోయాడు. ఇంకోసారి వాడి ఫుట్‌బాల్ జట్టు ఓడిపోయింది. రెండుసార్లూ పేట మసీదులో షేకు "మాట మాటే" అని ఒకటి, రెండు లెక్కేసి, మళ్ళీ ఇద్దర్నీ కలిపాడు. రెండోసారి మాత్రం చెప్పి పంపాడు: "మూడోది పడితే నా గడప తొక్కకు. నా దగ్గర జిగురు అయిపోయింది."

"ఒరే షాకిర్, కళ్ళు తెరిచే మాట్లాడుతున్నావా?" అన్నాడు నస్సీఫ్. వాడిది కళ్ళద్దాల దుకాణం. "మా చర్చిలో ముడి పడితే విప్పే దారే లేదు, నోరు మూసుకుని బతుకుతున్నాం. నీకు తలుపుంది కదా అని రోజూ తీసి చూస్తావేంరా?"

షాకిర్ ముఖంలో రంగు అప్పటికే దిగిపోయింది. "నోరు జారిందిరా."

"జారింది నీ నోరు, పడేది నేను!" అన్నాను.

ఇన్షిరాహ్ గ్లాసు నా చేతికిచ్చింది. ఆవిడ హైస్కూలు పరీక్షల పర్యవేక్షకురాలు. గంట కొట్టాక ఎంత మంది ఏడ్చినా జవాబు కాగితం లాక్కునే మనిషి. "తాగండి ఫథీ అన్నయ్యా. ఖాళీ కడుపుతో దిగకూడదు," అంది. అంతే. మొగుడి వైపు చూడనైనా లేదు.

అందరూ నీళ్ళలో కనబడేలా నడుముకి గాలిబుడగ కట్టుకుని ఈదారు. నేను ఒక కాపురం కట్టుకుని ఈదాను. మూడు బారలకోసారి తల ఎత్తి గడియారం చూసుకోవడం, రెండు గుక్కలు ఉప్పునీళ్ళు మింగడం. సైకిలు మీద ఎదురుగాలి. ఖర్జూరం నోట్లో పెట్టుకుంటే గింజ తియ్యడం మరిచి కొరికాను. పళ్ళ డాక్టరు పన్నే పటుక్కుమంది. ఇరవై కిలోమీటర్లకి ఎంత పట్టింది, ఇంకా ఎంత మిగిలింది, ఈ లెక్కన కాపురం నిలుస్తుందా, మునుగుతుందా? ఒక కాలు లెక్క వేస్తుంటే ఇంకో కాలు తొక్కింది. నా జీవితంలో ఎప్పుడూ అంత వేగంగా వెళ్ళలేదు, అయినా అందరూ నన్ను దాటిపోతూనే ఉన్నారు.

పరుగు మూడు చుట్లు. ప్రతి చుట్టూ తోరణం పక్కనుంచే పోతుంది. మొదటి చుట్టు ముగించి వచ్చేసరికి షాకిర్ అక్కడున్నాడు. ఆరు గంటల్లోనే వచ్చేశాడు, మహానుభావుడు. ముగ్గురం కలిసే దాటాలి కాబట్టి తోరణానికి పది అడుగుల ఇవతలే ఆగి, ఎవరో పాపం ప్లాస్టిక్ కుర్చీ వేస్తే, కూర్చోకుండా దాని చుట్టూ తిరుగుతున్నాడు. "రా నా సింహమా! రారా!" అని అరిచాడు. సింహం నాలుక బయట పెట్టి ముందుకి సాగింది.

రెండో చుట్టుకి నస్సీఫ్ కూడా వచ్చి చేరాడు. షాకిర్ అరవడం మానేశాడు. గోళ్ళు కొరుకుతున్నాడు. అప్పుడు ఇన్షిరాహ్ కంచెకి అవతల నాతోపాటు నడిచింది. నేను పరిగెడుతున్నాను, ఆవిడ నడుస్తోంది, ఇద్దరం పక్కపక్కనే ఉన్నాం. నా పరుగు అలాంటిది.

"అన్నయ్యా, కొంచెం నెమ్మదిగా వెళ్ళండి."

"నెమ్మదిగానా? చెల్లెమ్మా, నీ కాపురం..."

"నాదే కదా, అందుకే అడుగుతున్నా. టీ మీద, బాతు మీద, బంతి మీద కూడా నన్నే పెట్టాడు ఆయన. ప్రతిసారీ ఏమవుతుందోనని గుండె పట్టుకుని కూర్చున్నది నేను. ఇవాళ ఆయన్ని కూర్చోనివ్వండి."

"కూర్చోవట్లేదు, తిరుగుతున్నాడు."

"తిరగనివ్వండి."

"వేళ దాటిపోతే?"

"దాటిపోతే దాటిపోతుంది." నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు.

నెమ్మదిగా పరిగెత్తమని ఎవరైనా బతిమాలితే బావుండునని ఇన్నేళ్ళూ కోరుకున్నాను. కోరిక తీరింది, కాలు తడబడింది. ఉరికితే ఆవిడకి అన్యాయం, ఆగితే వాడికి. రెండేళ్ళుగా కారెక్కిన నా సంగతి ఎవరికీ పట్టలేదు. పద్దెనిమిదో కిలోమీటరు దగ్గర పిక్క పట్టేసింది, సరిగ్గా పీక పట్టుకున్నట్టు. కుంటాను. నడిచాను. మళ్ళీ కుంటాను. నా పరుగు నేను పూర్తి చేస్తాను, తోరణం దాకా వెళ్ళడమే నా పని, దాటాలో వద్దో చెల్లెమ్మే చెప్పాలి అనుకున్నాక పిక్క కాస్త వదిలింది.

తోరణం కనబడేసరికి గడియారంలో మూడు నిమిషాలున్నాయి. నస్సీఫ్ కేకలు, జనం చప్పట్లు. షాకిర్ పరిగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. గీతకి రెండడుగుల ముందు నేను ఆగాను.

"నేను దాటను," అన్నాను.

"ఏంటీ?"

"ముందు చెల్లెమ్మని అడుగు. ఆవిడ వద్దంటే ఇక్కడే కూలబడతాను."

"ఒరే ఫథీ, ఒకటిన్నర నిమిషమే ఉందిరా! నువ్వు గానీ ఇప్పుడు కదలకపోతే నా పెళ్ళానికి త..."

నస్సీఫ్ అరచేత్తో వాడి నోరు మూశాడు. మూసిన చేతి మీద నుంచి వాడి కళ్ళు కంచె వైపు తిరిగాయి. ఇన్షిరాహ్ అక్కడే ఉంది. నస్సీఫ్ చెయ్యి తీసేశాడు.

"ఇన్షిరాహ్... దాటమంటావా?" ఆ గొంతు వాడిదేనా అని నేను చుట్టూ చూశాను.

ఆవిడ మణికట్టు ఎత్తి వాచీ చూసుకుంది. "ఒక్క నిమిషం ఉంది. ఇంకేమైనా రాసేది ఉందా?"

"ఇంక పెట్టను. ఒట్టు."

"దేని మీద ఒట్టు?"

వాడు నోరు తెరిచాడు. మూశాడు. గడియారంలో అంకెలు మారుతున్నాయి. నా పిక్క మళ్ళీ బిగుసుకుంటోంది. "దేని మీదా కాదు," అన్నాడు చివరికి. "ఊరికే చెప్తున్నా. పెట్టను."

ఆవిడ వాచీ చూస్తూనే ఉంది. ఇరవై సెకన్లు. పదిహేను. జనం అంకెలు లెక్కపెట్టడం మొదలెట్టారు. పది.

"సరే," అంది. "ఇచ్చేయండి కాగితాలు."

ముగ్గురం చేతులు పట్టుకుని పడ్డాం గీత మీద, అక్షరాలా పడ్డాం. మూడు సెకన్లు మిగిలాయట. నా మెడలో పతకం వేస్తుంటే నేను నేల మీదే ఉన్నాను. పిక్క పట్టుకుని ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు.

కైరో దారిలో నస్సీఫ్ కారు ఆపితే షాకిర్ దిగి అయిదు గ్లాసుల టీ తెచ్చాడు, మేం నలుగురమే అయినా. "నాకొద్దురా, కడుపులో సముద్రం ఉంది," అన్నాను అలవాటుగా. నస్సీఫ్ తాగడం ఆపేశాడు. ఇన్షిరాహ్ కిటికీలోంచి బయటకి చూస్తోంది. షాకిర్ పెదాలు కదిలాయి. నోటిదాకా వచ్చిన ఒట్టు మింగేశాడు.

"తాగరా," అన్నాడు. "తాగితే... బావుంటుంది."

రెండు గ్లాసులు తాగాను. ఇన్షిరాహ్ తనకి వద్దంది. వాడు మళ్ళీ అడగలేదు. ఆ గ్లాసు ఒళ్ళో పెట్టుకుని, ఇల్లు చేరేదాకా మోకాలు ఊపుతూనే ఉన్నాడు.