ఏడవడానికి తీరిక

నాన్న దర్జీ. ఇంటి ముందు గదే దుకాణం. అమ్మ పోయాక ఆయన మిషను ముట్టుకోలేదు. గోడకి ఆనుకుని కూర్చునేవాడు, పిలిస్తే తప్ప అన్నానికీ లేచేవాడు కాదు. బట్టలిచ్చినవాళ్ళు తిరిగి తిరిగి విసిగిపోతుంటే, అక్క నడుం బిగించి మిషను ముందు కూర్చుంది. వంటా తనదే, అంట్లూ తనవే. మధ్యమధ్య నాన్నని సాధించేది. ఒంటికి బద్ధకం పట్టిందని, ఇలా అయితే గిరాకీ అంతా పక్క వీధి పాలవుతుందని.

నేను నిఘంటువు ఆఫీసులో పని చేస్తాను. ఇంగ్లీషు మాటల పుట్టుపూర్వోత్తరాలు తవ్వినందుకు జీతమిస్తారంటే అక్క ఇప్పటికీ నమ్మదు. ఆ వారం నా బల్ల మీదికి ‘లాకడెయిజికల్’ వచ్చింది. నోరు తిరగని ఆ విశేషణానికి అర్థం మాత్రం చిన్నదే: దేనిమీదా మనసు పెట్టని, బద్ధకపు. వెనక్కి వెళ్తే ‘అలాక్ ద డే’ దొరికింది. అయ్యో, ఎంత పాడు రోజు అని దుఃఖంలో ఉన్నవాళ్ళు పెట్టే శోకం. పోనుపోను అది చీటికీమాటికీ నిట్టూర్చేవాళ్ళని వెక్కిరించే మాటయింది, చివరికి సోమరుల నెత్తిన పడింది. ఏడ్చినవాళ్ళకి లోకం ఇచ్చిన బిరుదు చూసి నాకు ఒళ్ళు మండింది. పాత అర్థానికి చోటు లేదు, కొట్టెయ్యమన్నారు ఎడిటరుగారు. దాంతో ఇంకా మండింది.

సాయంత్రం ఇల్లు చేరేసరికి అక్క మళ్ళీ నాన్నని దులిపేస్తోంది. ఊరుకోలేక ఆ మాట కథంతా ఏకరువు పెట్టాను. నాన్నది బద్ధకం కాదని, దుఃఖమని, తెలియకపోతే నోరు మూసుకోమని కూడా అన్నాను. గెలిచాననే అనుకున్నాను.

అక్క మిషను ఆపింది.

"సరే, ఏడ్చి కూలబడినవాళ్ళకి ఓ మాట ఉంది. మరి ఏడవడానికి తీరిక దొరకనివాళ్ళకి మీ పుస్తకంలో ఏముందే?"

అమ్మ పోయిననాటి నుంచి అక్క కంట తడి చూడలేదు నేను. గుండె గట్టిదిలే అనుకున్నాను.

నాన్న లేచాడు. "లే తల్లీ, నేను కుడతాను" అన్నాడు. అక్క చేతిలోని చొక్కా తీసుకుని మిషను ముందు కూర్చున్నాడు. అలవాటు తప్పి కుట్టు వంకర పోయింది. అక్క తప్పు పట్టలేదు. చేయడానికి చేతిలో ఏమీ లేక కాసేపు అలాగే నిలబడింది. తర్వాత ఆ గుడ్డముక్కల మధ్యే కూర్చుని, అమ్మ కోసం గట్టిగా ఏడ్చింది.