ఒక్క ఏసీ చాలిన మధ్యాహ్నం

హైటెక్ సిటీలో నేను నేల తుడిచే ఆఫీసులో మే నెలలో కూడా జనం స్వెట్టర్లు వేసుకుంటారు. హఫీజ్‌పేట్‌లో మేం కిరాయికి ఉండే బిల్డింగులో మాత్రం మొన్నటిదాకా అందరికీ ఫ్యాన్లే. ఈ ఎండాకాలం మిగతా మూడు పోర్షన్ల వాళ్లూ వాయిదాల మీద ఏసీలు కొన్నారు. సంతోషమే, చల్లగా ఉండాలని ఎవరికి ఉండదు? కానీ మూడూ కలిసి నడిచాయంటే వోల్టేజీ పడిపోయి, మా అత్తమ్మ బాలమ్మ ఆక్సిజన్ మిషన్ కీచుమని మొత్తుకుని ఆగిపోతుంది. ఊళ్లో కట్టెల పొయ్యి ఊదీ ఊదీ ఆమె ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఆ మిషన్ లేకపోతే ఆమె లేదు.

ఆదివారం మధ్యాహ్నం అదే జరిగింది. అత్తమ్మ పెదవులు నల్లబడుతున్నాయి. నాకు ఒళ్లు మండిపోయింది. కొంగు దోపుకుని పోయి ఎదురు పోర్షన్ తలుపు బాదాను. పుణ్యవతిగారు తీశారు. కాకినాడ వైపు నుంచి వచ్చిన పెద్దావిడ. వెనక ఆమె కూతురు భానుశ్రీ, చేతిలో ఒళ్లంతా చెమటకాయలతో ఏడుస్తున్న నెలల పాప. అదేదీ నా కళ్లకు ఆనలేదు.

"మీ సల్లదనం కోసం మా అత్తమ్మ పానం తీస్తరా?" అని అడిగేశాను.

ఆవిడ ముందు తన ఏసీ కట్టేశారు. మోకాళ్ల నొప్పులతోనే మెట్లెక్కి పైవాళ్లవీ కట్టించారు. మా మిషన్ మళ్లీ నడిచింది.

పాప ఏడుపు మాత్రం ఆగలేదు. కాసేపటికి పుణ్యవతిగారే మా ఇంటికి వచ్చారు.

"మిషన్‌తో పాటు ఒక్క ఏసీ అయితే నడుస్తుందమ్మా. మీ అత్తగారిని మా గదిలోకి తీసుకురా. అందరం అక్కడే ఉందాం."

పై పోర్షన్ డ్రైవర్ నర్సింహ, మా ఆయన రాజేందర్ కలిసి అత్తమ్మను మంచంతో సహా మోశారు, మిషన్ నేను పట్టుకున్నాను. నాలుగిళ్ల వాళ్లం ఆ ఒక్క గదిలో గోడలకు ఆనుకుని కూర్చున్నాం. పాప నిద్రపోయింది, అత్తమ్మా నిద్రపోయింది. వాళ్లు లేస్తారని ఎవరూ నోరు మెదపలేదు. ఒక్కొక్కరి కాళ్లకూ మొక్కాలనిపించింది నాకు.

సాయంత్రం అత్తమ్మ కళ్లు తెరిచి చుట్టూ చూసి భయపడింది.

"ఏందే స్రవంతీ, గింతమంది కూసున్నరు? నేను పోయిన్నా?"

గదంతా నవ్వింది. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

"వీళ్లు పోనియ్యలే అత్తమ్మా," అన్నాను.